టోక్యోకి మేయర్ ఎందుకు లేరు?

జపాన్‌లో ప్రిఫెక్చర్ అంటే మన రాష్ట్రమా, జిల్లానా, టోక్యో మేయర్ ఎవరు అని కొందరు అడిగారు. నేను మొదట టోక్యోలోని ఎడొగావా వార్డులో, తర్వాత నది దాటి పక్కనున్న కవాసాకి నగరంలో ఉన్నాను. నాకు అర్థమైంది చెబుతాను.

ప్రిఫెక్చర్లు 47. మన రాష్ట్రాల్లా వాటికి సొంతంగా పెద్ద చట్టాలు చేసే అధికారం లేదు, అవన్నీ జాతీయ పార్లమెంటువే. అలాగని జిల్లా అనీ అనలేం, పోలీసులు, చాలావరకు హైస్కూళ్లు వాటి కిందే ఉంటాయి. గవర్నర్‌ని జనమే నేరుగా ఓటేసి ఎన్నుకుంటారు, మన దగ్గరి గవర్నర్‌ని మర్చిపోండి. సైజులో పొంతన ఉండదు: కనగావాలో 90 లక్షల పైమాటే, తొత్తొరిలో మన గుంటూరు నగరమంత జనం కూడా లేరు.

టోక్యో నగరాన్ని 1943లోనే రద్దు చేసి ప్రిఫెక్చర్‌లో కలిపేశారు. అందుకే నగర మేయర్ లేరు, గవర్నర్ ఉన్నారు. 2016 నుంచి యురికో కోయికే.

అసలు తికమక 'కు' దగ్గర. కు అంటే వార్డు. ఎడొగావా కూడా కు, కవాసాకిలో నేనున్నదీ కు. రెండూ ఒకటే అనుకుని, ఇల్లు మారగానే చిరునామా నమోదుకి నేరుగా కొత్త వార్డు ఆఫీసుకి వెళ్లాను. టోకెన్ తీసుకుని ముప్పావు గంట కూర్చున్నాక, కౌంటర్లో ఆవిడ "తెన్‌షుత్సు షోమేయిషో?" అంది. అంటే పాత ఊరు వదిలినట్టు సర్టిఫికెట్. నా దగ్గర లేదు. నా మొహం చూసి, ఒక కాగితం మీద గీత గీసి "ఇది నది" అన్నట్టు చూపించి, అటువైపు వేలు పెట్టింది. మళ్లీ రైలెక్కాను.

సంగతేమిటంటే టోక్యోలోని 23 వార్డులూ ఒక్కొక్కటీ ఒక మునిసిపాలిటీ లాంటివి. ఎన్నికైన మేయర్, కౌన్సిల్ వాటికి ఉంటాయి. కవాసాకిలోని 7 వార్డులు మాత్రం సిటీ హాల్ బ్రాంచీలు, అక్కడి పెద్ద ఒక ఉద్యోగి, అంతే. కాబట్టి టోక్యోలో పక్క వార్డుకి మారినా ఊరు వదిలినట్టే లెక్క.

ఇప్పుడు మై నంబర్ కార్డు (మన ఆధార్ లాంటిది) ఉంటే ఆ వదిలే పని ఆన్‌లైన్లో అయిపోతుంది. కొత్తచోటి ఆఫీసుకి మాత్రం ఇల్లు మారిన 14 రోజుల్లో మీరే వెళ్లాలి.

ఇంకోటి, రెసిడెంట్ టాక్స్, అంటే ఉండే ఊరికి కట్టే పన్ను, జనవరి 1న ఎక్కడుంటే ఆ ఏడాదికి అక్కడికే. నేను మారింది ఫిబ్రవరిలో. మధ్యలో ఉద్యోగం కూడా మారడంతో ఆ పన్ను జీతంలోంచి పట్టుకోలేదు, జూన్‌లో పాత వార్డు నుంచి పన్ను బిల్లులతో లావుపాటి కవరొచ్చింది. కట్టేశాను.