యూనివర్సిటీ ఘనతలో మీ అమ్మాయి క్లాసుకు చేరేదెంత?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లె. నాలుగెకరాల కొబ్బరి తోట ఉంది. ఈఏపీసెట్ ర్యాంకును బట్టి మా అమ్మాయికి కాకినాడ జేఎన్‌టీయూ క్యాంపస్‌లో సివిల్, అదే యూనివర్సిటీకి అనుబంధంగా ఉన్న ఒక ప్రైవేటు కాలేజీలో కంప్యూటర్ సైన్స్ వచ్చేలా ఉన్నాయి. ప్రైవేటు కాలేజీవాళ్లు ఇచ్చిన పుస్తకంలో యూనివర్సిటీ ఏడాది ప్రగతి అంతా వేశారు: పేటెంట్లు, ఒప్పందాలు, నాక్ గ్రేడు, పెద్ద ప్యాకేజీలు. ‘డిగ్రీ ఒకటే కదండీ, ఎక్కడ చదివితే ఏం’ అంటున్నారు. నిజమేనా?

జవాబు: పట్టా ఇచ్చేది ఒకే యూనివర్సిటీ అన్నది నిజమేనండి. నాలుగేళ్లు పాఠం చెప్పే మాస్టార్లు, ల్యాబులు, లైబ్రరీ మాత్రం వేరు. ఆ పుస్తకంలో రాసింది అబద్ధమని నేను అనను. అందులో ఏది యూనివర్సిటీది, ఏది ఆ కాలేజీది అన్నది మీరు విడదీసి చూసుకోవాలి.

నాక్ గ్రేడు సంగతే తీసుకోండి. నాక్ అంటే ఉన్నత విద్యాసంస్థల నాణ్యతను పరీక్షించి గ్రేడు ఇచ్చే జాతీయ సంస్థ. విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయానికి 2023లో 3.74 స్కోరుతో ఏ డబుల్ ప్లస్ వచ్చింది. 1926లో పుట్టిన సంస్థకు అది గర్వకారణమే. కానీ దాని కింద ఉన్న అనుబంధ కాలేజీలకు ఆ గ్రేడు దానంతటదే రాదు. ఎవరి గ్రేడు వాళ్లే తెచ్చుకోవాలి. పైగా నాక్ చూసేది మొత్తం సంస్థను. ఇంజనీరింగ్‌లో ఒక్కో బ్రాంచిని విడిగా పరీక్షించి గుర్తింపు ఇచ్చేది ఎన్‌బీఏ అనే మరో సంస్థ. కాబట్టి ‘మీ కంప్యూటర్ సైన్స్‌కు ఎన్‌బీఏ ఉందా, ఏ సంవత్సరం వరకు’ అని అడగండి.

పేటెంట్ల అంకె చూసి చాలామంది తల్లిదండ్రులు మురిసిపోతారు. పేటెంటుకు దరఖాస్తు చేయడం, అది పేటెంట్ ఆఫీసు అధికారిక పత్రికలో ప్రచురితం కావడం, మంజూరు కావడం మూడూ వేర్వేరు. దరఖాస్తు సాధారణంగా 18 నెలలకు ప్రచురితమవుతుంది. అంతమాత్రాన పేటెంటు వచ్చినట్టు కాదు. కంపెనీలతో, ఇతర సంస్థలతో చేసుకున్న ఒప్పందాలకు కూడా ఒకటే ప్రశ్న: వాటి వల్ల కిందటేడు ఎంతమంది పిల్లలు ఇంటర్న్‌షిప్‌కు వెళ్లారు?

ఇక ప్యాకేజీలు. తోట కొనేటప్పుడు బాగా కాసిన ఒక్క చెట్టును చూపిస్తే మీరు బేరం కుదుర్చుకుంటారా? దింపుకు మొత్తం ఎన్ని కాయలు దిగుతున్నాయి, కాయని చెట్లు ఎన్ని అని అడుగుతారు. ఇక్కడా అలాగే అడగండి. ‘హయ్యెస్ట్ ప్యాకేజీ’ అంటే ఆ ఒక్క చెట్టు. మీకు కావలసింది మీడియన్ జీతం. అంటే ఉద్యోగాలు వచ్చినవాళ్ల జీతాలన్నీ వరుసలో పెడితే సరిగ్గా నడిమిన నిలిచేది. ‘90 శాతం ప్లేస్‌మెంట్’ అన్నప్పుడు అది చేరినవాళ్లలో 90 శాతమా, ప్లేస్‌మెంటుకు పేరు ఇచ్చినవాళ్లలోనా? ఉదాహరణకు 120 మంది చేరి, 60 మందే పేర్లిచ్చి, వాళ్లలో 54 మందికి ఉద్యోగాలు వచ్చాయనుకోండి. అదీ 90 శాతమే. చేరినవాళ్ల లెక్కన చూస్తే సగం కూడా కాదు.

ఈ లెక్కలు దొరికే చోటు ఒకటుంది. 2016 నుంచి కేంద్రం ఇస్తున్న ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకుల కోసం కాలేజీలు పంపే వివరాల్లో ఎంతమంది చేరారు, ఎంతమంది సకాలంలో పాసయ్యారు, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, మీడియన్ జీతం ఎంత, పైచదువులకు ఎంతమంది వెళ్లారు అన్నీ ఉంటాయి. ర్యాంకును పక్కన పెట్టి, వరుసగా మూడేళ్ల వివరాలు చూడండి. బ్రాంచీల వారీగా అక్కడ ఉండదు. దాన్ని ప్లేస్‌మెంట్ ఆఫీసులో కాగితం మీద అడిగి తీసుకోండి. ఇవ్వడానికి వెనకాడితే నేనైతే ఆ కాలేజీని జాబితాలో కిందికి దించుతాను.

మా అన్నయ్య కొడుకును చేర్చేటప్పుడు నేనే పొరబడ్డాను. పుస్తకంలో మెరిసిపోతున్న ల్యాబు ఫొటో చూసి సరేనన్నాం. చేరాక తెలిసింది, అది యూనివర్సిటీ క్యాంపస్‌లోదని. వాడు ఆ గది గుమ్మం కూడా తొక్కలేదు. ఆ కాలేజీ పేరు ఇక్కడ అవసరం లేదు. అప్పట్నుంచి ల్యాబులో పిల్లలు పనిచేస్తుండగా చూడకుండా ఏ కాలేజీకీ నేను ఊఁ అనలేదు.

కాకినాడది 1946లో మొదలైన ఇంజనీరింగ్ కాలేజీ. 2008లో అది ప్రత్యేక యూనివర్సిటీ అయింది. క్యాంపస్‌లో చదివితే, ఏడాది ప్రగతిలో రాసిన పరిశోధన జరిగే చోటే మీ అమ్మాయి ఉంటుంది. సివిల్‌ను చిన్నచూపు చూడకండి. ధవళేశ్వరం ఆనకట్ట నుంచి మీ ఊరి మురుగు కాలువ దాకా మన డెల్టా నిలబడింది ఆ చదువు మీదే. అయితే ప్రోగ్రామింగ్ అంటే ప్రాణం పెట్టే పిల్లను క్యాంపస్ పేరు కోసం సివిల్‌లో కూర్చోబెట్టడం నాకిష్టం లేదు. అలాంటప్పుడు పైన చెప్పిన లెక్కలు బాగున్న అనుబంధ కాలేజీకి వెళ్లొచ్చు.

మీ ఉత్తరంలో ఒక్క విషయం లేదండి: అమ్మాయి ఏమంటోంది? టెన్షన్ పడకుండా ఈ వారంలో ఒక పనిరోజున తనను వెంటబెట్టుకుని రెండు చోట్లకూ వెళ్లండి. మూడో సంవత్సరం ఆడపిల్లలతో తననే మాట్లాడనివ్వండి, మీరు కాస్త దూరంగా ఉండండి. వెబ్ ఆప్షన్లు ఫ్రీజ్ చేసే ముందు ఏ వరుసలో పెట్టాలో తననే చెప్పమనండి.