ఫొటోలు తీసే చెయ్యి, నటించే ముఖం, డైరెక్షన్: మొదటి షార్ట్ ఫిల్మ్‌లో మూడూ ఒక్కరే చేస్తే

మీ ప్రశ్న ఇది: కొన్నేళ్లుగా పోర్ట్రెయిట్ ఫొటోలు తీస్తున్నారు, నాటకాల్లో వేస్తున్నారు. ఇప్పుడు పన్నెండు నిమిషాల షార్ట్ ఫిల్మ్ మీరే తీసి, ముఖ్యపాత్ర కూడా మీరే వేయాలనుకుంటున్నారు. ఫొటోగ్రఫీ ఎంతవరకు అక్కరకొస్తుంది, ఎక్కడ దెబ్బ తింటారు?

వెలుతురు, ముఖం ఈ రెండూ మీకు ఇప్పటికే తెలుసు. దెబ్బ తినేది కాలం దగ్గర. ఫొటోగ్రాఫర్ మంచి క్షణం కోసం కాచుకుని ఉంటారు, అది దొరికిందంటే పని అయిపోయినట్టే. సినిమాలో ఆ క్షణానికి ముందూ వెనకా ఉన్న కదలిక లేకపోతే పక్క షాట్‌తో అది అతకదు. అందుకే కెమెరా రోల్ అయ్యాక మనసులో ఐదు లెక్కపెట్టి యాక్షన్ చెప్పండి. డైలాగ్ అయిపోయాక ఇంకో ఐదు లెక్కపెట్టే దాకా కట్ చెప్పకండి. ఫొటోలు తీసి తీసి ఉన్నవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే. ముఖంలో భావం కనిపించగానే నోటి నుంచి కట్ వచ్చేస్తుంది, ఎడిటింగ్‌లో పట్టుకోవడానికి అంచు మిగలదు.

మీకున్న అసలు బలాన్ని షూటింగ్ కంటే ముందే వాడుకోండి. స్క్రిప్ట్‌లోని ప్రతి షాట్‌నూ లొకేషన్‌లో, ఏ గంటకు షూట్ చేయబోతున్నారో ఆ గంటకే, ఫొటోగా తీయండి. మీ ఎత్తే ఉన్న మనిషిని మీ చోట నిలబెట్టండి. నిలువు ఫ్రేము జోలికి పోకండి, అన్నీ 16:9లోనే ఉండాలి. ప్రతి ఫొటోకూ లెన్స్ ఎంత, కెమెరా ఎత్తు ఎంత, మనిషికి దూరం ఎంత అన్నది రాసుకోండి. తర్వాత ఆ ఫొటోలను ఎడిటింగ్ టైమ్‌లైన్ మీద వరసగా పేర్చి, డైలాగులు ఫోన్‌లో చదివి రికార్డు చేసి కింద వేయండి. ఒక్క పూట కూర్చుంటే సినిమా కళ్ల ముందు ఆడుతుంది. ఎక్కడ షాట్ తక్కువైంది, ఏ రెండు షాట్లు మరీ ఒకేలా ఉన్నాయి (యాంగిల్ కనీసం 30 డిగ్రీలైనా మారకపోతే కట్ ఎగిరినట్టు కనిపిస్తుంది), కెమెరా ఇమాజినరీ లైన్ (ఇద్దరు నటుల మధ్య ఊహించుకునే గీత) దాటడంతో ఎవరి లుక్, అంటే చూపు, తప్పు దిక్కుకు పోయింది, అన్నీ అక్కడే తెలిసిపోతాయి. షాట్ల లెక్కా తేలుతుంది. లైటు మార్చి, రిహార్సల్ చేసి, మూడు నాలుగు టేకులు తీసేసరికి ఒక్కో సెటప్‌కు (కెమెరా, లైట్లు ఒకచోట అమర్చి తీసే షాట్‌కు) నలభై నిమిషాలు పడుతుంది, అంటే పది గంటల రోజులో పదిహేను. మీ ఫొటోలు నలభై ఐదు సెటప్‌లని చెబితే అది మూడు రోజుల పని. రెండు రోజుల్లో లాగేద్దామనుకుంటే స్క్రిప్ట్‌నే కుదించండి.

ఫ్రెంచ్ దర్శకురాలు ఆన్యెస్ వార్దా సినిమాకు వచ్చింది ఫొటోగ్రఫీ నుంచే. ఫ్రాన్స్‌లో జాన్ విలార్ నాటక సంస్థకు ఫొటోలు తీస్తూ, 1955లో విడుదలైన మొదటి సినిమాకు దిగారు. 2000లో వచ్చిన తన డాక్యుమెంటరీలో చిన్న డిజిటల్ కెమెరాను ఒక చేత్తో పట్టుకుని, ముడతలు పడ్డ రెండో చేతిని తానే షూట్ చేసుకున్నారు. తీసేవాళ్లూ కనిపించేవాళ్లూ ఒక్కరే అయితే ఎంత దగ్గరగా వెళ్లొచ్చో దర్శకత్వం చేయాలనుకునే ప్రతి ఫొటోగ్రాఫర్ ఆ షాట్‌లో చూడాలి.

ఇక కెమెరా. ఫొటోల్లో షట్టర్ మీ ఇష్టం. వీడియోలో 24 ఫ్రేములకు 1/50 దగ్గర పెట్టి మరచిపోండి, 1/500కు పోతే నడక కూడా తెగ్గొట్టినట్టు ఉంటుంది. ఇళ్లలో కరెంటు 60 హెర్ట్జ్ ఉన్నచోట లైట్లు మినుకుమంటే 1/60కి మార్చండి. దీంతో వచ్చే చిక్కు ఎండలో. ఐఎస్‌ఓ 100, 1/50, ఎఫ్ 2.8 అంటే నడి ఎండలో ఆరు స్టాపులు (ఒక్కో స్టాపుకు వెలుతురు రెట్టింపు) ఎక్కువ వెలుతురు పడుతుంది. లాగ్ ప్రొఫైల్ (రంగులు తర్వాత దిద్దుకోవడానికి చప్పగా రికార్డు చేసే సెట్టింగ్) పెట్టి ఐఎస్‌ఓ 800కు వెళ్తే తొమ్మిది. కాబట్టి ఎన్‌డీ ఫిల్టర్ (లెన్స్ ముందు పెట్టి వెలుతురు తగ్గించే నల్లద్దం) లేకుండా బయట షూటింగ్ పెట్టుకోకండి. వేరియబుల్ ఎన్‌డీని చివరిదాకా తిప్పితే వైడ్ లెన్స్‌లో ఇంటూ గుర్తులా నల్లని నీడ వస్తుంది. నాసిరకం ఎన్‌డీ మందంగా వేస్తే నల్ల సింథటిక్ బట్టలు ఎర్రగా, ఇటుక రంగు కలిసినట్టు కనిపిస్తాయి. ఇది తర్వాత సరిచేయడం చాలా కష్టం, కాస్ట్యూమ్‌తోనే ముందుగా టెస్ట్ షాట్ తీసుకోండి. వైట్ బ్యాలెన్స్ ఆటోలో వదలొద్దు, పగలు 5600 కెల్విన్ అని చేత్తో పెట్టండి. రంగులు తర్వాత మార్చుకోవడానికి రా ఫొటోలో ఉండే వెసులుబాటు 8 బిట్ వీడియోలో ఉండదు.

మీరే నటించేటప్పుడు మొదట పోయేది ఫోకస్. ఫుల్ ఫ్రేమ్ మీద 85 ఎంఎం లెన్స్, రెండు మీటర్ల దూరం, ఎఫ్ 2 అయితే స్పష్టంగా ఉండే మందం ఆరేడు సెంటీమీటర్లే. ముందుకు కాస్త వంగితే కళ్లు పోతాయి. ఎఫ్ 5.6కు వస్తే పద్దెనిమిది సెంటీమీటర్ల దాకా దొరుకుతుంది, కానీ వెలుతురు ఎనిమిది రెట్లు కావాలి. పోర్ట్రెయిట్‌లో ఇష్టపడే ఆ మెత్తని బ్యాక్‌గ్రౌండ్‌ను మీరు కనిపించే షాట్లలో వదులుకోండి, నటన కదిలే చోట అది మిమ్మల్ని కట్టేస్తుంది. నేల మీద టేపుతో టీ ఆకారంలో మార్క్ వేసుకోండి. కాలి బొటనవేళ్లు ఆ టీకి రెండు పక్కలా ఉండాలి. దూరం కొలిచేది లెన్స్ అంచు నుంచి కాదు, కెమెరా బాడీ మీద గుండ్రం మధ్యలో గీత ఉన్న గుర్తు నుంచి.

స్క్రీన్‌ను మీ వైపు తిప్పుకోకండి. కళ్లు దానంతట అవే అటు పోతాయి, క్లోజప్‌లో అది ఇట్టే పట్టుబడుతుంది. ప్రతి టేకూ ప్లేబ్యాక్ చూసుకోవడం ఇంకా ప్రమాదం. అక్కడ మీకు కనిపించేది మీ జుట్టు, మీ గడ్డం కింద నీడ. ఎదుటి నటుడు ఏం చేశాడో చూడరు. భానుమతి గారు 1953లో ‘చండీరాణి’ని మూడు భాషల్లో డైరెక్ట్ చేస్తూ అందులోనే ద్విపాత్రాభినయం చేశారు. అప్పట్లో తీసిన టేకును అక్కడికక్కడే చూసుకునే వీలే లేదు. రిహార్సల్ గట్టిగా చేయండి. షాట్ ఓకేనో కాదో చెప్పే అధికారం ఒక్కరికే ఇవ్వండి. స్క్రిప్ట్ కంఠతా వచ్చిన, మొహమాటం లేని మనిషి కావాలి. వాళ్లకు మూడే ప్రశ్నలు ఇవ్వండి: నమ్మేలా ఉందా, లుక్ సరిగ్గా ఉందా, చేతిలో వస్తువు కిందటి షాట్‌లో ఉన్న చోటే ఉందా. మూడు టేకులకు ఒకసారి మీరు చూస్తే చాలు.

మీ క్లోజప్‌లను రోజు చివరికి నెట్టకండి. అందరికీ టైమ్ ఇచ్చి మీకు మిగిలేది అలసిన ముఖం, పోయిన వెలుతురు. మొదట వైడ్, తర్వాత ఒక సజెషన్ షాట్ (ఒకరి భుజం మీదుగా రెండోవారిని చూపేది), ఆపైన మీ క్లోజప్, చివర ఎదుటివాళ్లది తీయండి. వాళ్ల క్లోజప్‌కు మీరు మానిటర్ దగ్గర కాకుండా లెన్స్ పక్కనే నిలబడి డైలాగ్ పూర్తి భావంతో అందించాలి. నాటకం చేసినవారు కాబట్టి ఇది మీకు వేరే చెప్పక్కర్లేదు.

శబ్దం విషయంలో ఫొటోగ్రాఫర్లకు అలవాటు లేదు కనుక దానికో మనిషిని పెట్టండి. బూమ్ మైక్ నోటికి అర మీటరులో ఉండాలి, రికార్డింగ్ సెట్టింగ్ 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ పెట్టాలి, గట్టిగా అరిచినా మీటర్ మైనస్ 12 డీబీ దగ్గర ఆగాలి. ప్రతి గదిలో అందరూ కదలకుండా నిలబడి నిమిషం పాటు ఖాళీ నిశ్శబ్దం రికార్డు చేయండి. ఫ్రిజ్ ఆపాక బండి తాళాలు అందులోనే పెట్టండి, మళ్లీ ఆన్ చేయడం మరచిపోరు.

చివరిగా స్టిల్స్. మీ సినిమాకు మీరే స్టిల్ ఫొటోగ్రాఫర్ కాలేరు. వీడియో నుంచి పోస్టర్ ఫొటో లాగుదామంటే 4కే ఫ్రేములో 83 లక్షల పిక్సెళ్లే ఉంటాయి, పైగా 1/50 షట్టర్‌లో చేతులు మసకబారతాయి. టేక్ నడుస్తుండగా తీసేవారు సైలెంట్ షట్టర్ వాడాలి, ఎల్‌ఈడీ లైట్ల కింద దానివల్ల ఫొటోలో అడ్డచారలు వస్తాయేమో ముందే చూసుకోవాలి. అంతకంటే మేలు, ముఖ్యమైన సీన్ ఓకే అయ్యాక రెండు నిమిషాలు అదే సీన్‌ను స్టిల్స్ కోసమే మళ్లీ చేయండి. లైట్లు దించకముందే, మేకప్ తుడవకముందే.