అమ్మాయి పాత కోర్టు ఫైళ్లు చదువుతానంటోంది, కూడు పెడతాయా?

ప్రశ్న: మేం అట్లాంటాలో ఉంటాం. మా అమ్మాయి ఇక్కడే పుట్టింది, ఇప్పుడు 11వ తరగతి. కంప్యూటర్ సైన్స్ వద్దట. పౌర హక్కుల ఉద్యమం నాటి కాగితాలు ఆన్‌లైన్‌లో చదువుతూ కూర్చుంటుంది, హిస్టరీ మేజర్ చేస్తానంటోంది. ఉద్యోగం వస్తుందా? చాలా టెన్షన్‌గా ఉంది సార్.

జవాబు: ముందు ఒకటి తేల్చుకోండి. అమ్మాయికి నచ్చింది ఉద్యమం కథలా, కాగితాలా? కథలంటే అందరికీ ఇష్టమే, జీతం మాత్రం కాగితం చదవగలిగినవాళ్లకే ఇస్తారు.

తెలుసుకోవడం కష్టమేం కాదు. అలబామా రాష్ట్రంలోని మాంట్‌గొమరీ ఊళ్లో సిటీ బస్సుల్లో నల్లవాళ్లకీ తెల్లవాళ్లకీ వేరు సీట్ల పద్ధతిని కొట్టేసిన కేసు బ్రౌడర్ వర్సెస్ గేల్. 1955 డిసెంబర్ 1న బస్సులో తెల్లవాళ్ల కోసం సీటు వదలనన్నందుకు రోజా పార్క్స్ అనే నల్లజాతి మహిళని అరెస్టు చేసినప్పటి పోలీసు రిపోర్టు, వేలిముద్రలు, ఆమె ఏ సీట్లో కూర్చుందో చూపించే బస్సు పటం అన్నీ ఆ ఫైల్లోనే ఉన్నాయి, కానీ కేసు వేసినవాళ్లలో ఆమె పేరుండదు. ఒరేలియా బ్రౌడర్, క్లాడెట్ కోల్విన్ లాంటి వేరే మహిళల పేర్లుంటాయి. ఎందుకలా అని మీ అమ్మాయిని అడిగి ఊరుకోండి. పార్క్స్ కేసు అప్పటికే రాష్ట్ర కోర్టులో నడుస్తోంది, దాన్ని తప్పించుకోడానికే ఫెడరల్ (కేంద్ర) కోర్టుకొచ్చారన్న మాట పడకూడదని లాయర్ ఫ్రెడ్ గ్రే ఆమెను ఇందులోకి తీసుకురాలేదు, అప్పుడాయనకి 25 ఏళ్లు! 1956 నవంబర్‌లో సుప్రీంకోర్టు కూడా వేరు సీట్లు చెల్లవన్న ఆ ఫెడరల్ కోర్టు తీర్పునే ఖాయం చేసింది. పార్క్స్ పేరెందుకు లేదన్నదానికి జవాబు మీరు చెప్పకుండా తనే తవ్వి తెచ్చుకుందంటే, అడ్డుపడకండి.

అసలు ఈ కాగితాలు మనకి సంబంధం లేనివనుకోకండి. భారతీయుడు 'తెల్లవాడు' కాదు కాబట్టి పౌరసత్వానికి అర్హుడు కాడని భగత్ సింగ్ థిండ్ కేసులో ఇదే సుప్రీంకోర్టు 1923లో చెప్పింది, 1946లో చట్టం మారేదాకా మనవాళ్లకి ఆ తలుపు మూసే ఉంది.

ఇక ఉద్యోగాల సంగతి. ఉత్త హిస్టరీ బీఏతో నేరుగా దొరికేవి తక్కువ, అందులో దాచేదేం లేదు. ఒక దారి ఆర్కైవిస్ట్, అంటే పాత రికార్డుల్ని భద్రపరిచే ఉద్యోగం, దానికి చాలాచోట్ల లైబ్రరీ సైన్స్ లాంటిదాంట్లో మాస్టర్స్ అడుగుతారు. మేరీలాండ్ యూనివర్సిటీలో హిస్టరీతో కలిపి చేసే కోర్సుంది, ప్రభుత్వ పాత రికార్డులు దాచే నేషనల్ ఆర్కైవ్స్ పెద్ద భవనం కూడా ఆ యూనివర్సిటీ ఉన్న కాలేజ్ పార్క్ ఊళ్లోనే. ఫెడరల్ ఉద్యోగాలకి మామూలుగా పౌరసత్వం అడుగుతారు, తనకా చిక్కు లేదు, అయితే ప్రభుత్వ నియామకాలు ఎప్పుడు ఆగుతాయో చెప్పలేం కాబట్టి యూనివర్సిటీలు, మ్యూజియంలవైపు కూడా చూడాలి. రెండో దారి లా. అక్కడ జేడీ అనే లా కోర్సులో చేరడానికి ఏ డిగ్రీ అయినా సరిపోతుంది, మూడేళ్లు, కానీ పేరున్న ప్రైవేటు కాలేజీల్లో ఫీజే ఏడాదికి 70 వేల డాలర్లు దాటింది, అందుకే బీఏ మీద అప్పు చేయకండి, మీ రాష్ట్రపు పబ్లిక్ యూనివర్సిటీ చాలు.

హిస్టరీతోపాటు స్టాటిస్టిక్స్ మైనర్‌గా, అంటే రెండో సబ్జెక్టుగా, తీసుకోమనండి. ఓటు హక్కు కేసుల్లో లెక్కల మీద కూడా చాలా వాదన నడుస్తుంది.

ఈ వేసవిలో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్ల 'బై ద పీపుల్'లో పాత చేతిరాతల్ని టైపు చేసే వాలంటీర్ పని చేయనివ్వండి, ఇంటి నుంచే చేయొచ్చు. బ్రౌడర్ ఫైల్ ఉన్న నేషనల్ ఆర్కైవ్స్ శాఖ మీకు దగ్గర్లోనే, మోరోలో ఉంది. అపాయింట్‌మెంట్ తీసుకుని ఒకసారి వెళ్లి, అక్కడివాళ్లతో తననే మాట్లాడనివ్వండి. మీరు కారు నడిపితే చాలు.