వెబ్‌సైట్‌కు అప్పు చేయొద్దు, ముందు అత్యవసర నిధి కూడబెట్టండి

ప్రశ్న: ఇద్దరు హెల్పర్లతో చిన్న కారు డిటెయిలింగ్ యూనిట్ (కార్లను లోపలా బయటా శుభ్రం చేసి, పాలిష్ పెట్టే పని) నడుపుతున్నాను. ఆన్‌లైన్ బుకింగ్, పేమెంట్, కస్టమర్ లాగిన్‌తో వెబ్‌సైట్ చేసిస్తానని ఒక డెవలపర్ చెప్పిన ధర నా మూడు నెలల లాభమంత ఉంది. క్రెడిట్ కార్డు మీద కట్టేసి మెల్లగా తీర్చేద్దామనుకుంటున్నాను. చేతిలో ఒక నెల ఖర్చులకు డబ్బుంది. సైట్ వస్తే పని పెరుగుతుంది కదా?

జవాబు: ఈ పని చేయకండి. రాబోయే ఆదాయాన్ని నమ్ముకుని ఇప్పుడే అప్పు చేయడం చిన్న వ్యాపారాల్లో పదే పదే జరిగే పొరపాటు. కార్డు బకాయి మీద నెలకు 3 శాతం వడ్డీ వినడానికి చిన్నదే, చక్రవడ్డీతో ఏడాదికి 42 శాతం దాటుతుంది. వడ్డీ వెంటనే మొదలవుతుంది, కొత్త సైట్ గూగుల్‌లో పైకి రావడానికి మాత్రం నెలలు పట్టవచ్చు. అప్పటిదాకా వాయిదా ఎక్కడి నుంచి తెస్తారు?

మీ పనిలో ఆదాయం ఆగిపోవడానికి పెద్ద కారణమేమీ అక్కర్లేదు. వారం రోజులు ముసురు పడితే కార్లు రావు. రోటరీ పాలిషర్ (గుండ్రంగా తిరిగే పాలిష్ మెషీన్) బానెట్ అంచు మీద కాస్త ఎక్కువసేపు నిలిచిందంటే క్లియర్ కోట్, అంటే రంగు మీదుండే పారదర్శక పొర, కాలిపోతుంది. ఆ పొర మందం సాధారణంగా 40-50 మైక్రాన్లే, అంచుల దగ్గర ఇంకా పలుచన. అది పాలిష్‌తో తిరిగి రాదు, ప్యానెల్ రీపెయింట్ చేయించాలి, ఖర్చు మీదే. మామూలు లయబిలిటీ పాలసీల్లో (ఇతరులకు జరిగే నష్టానికి తీసుకునే బీమా) మీ అధీనంలో ఉన్న కస్టమర్ కారుకు జరిగే నష్టం చాలాసార్లు మినహాయింపుల్లోనే ఉంటుంది. మీ పాలసీ ఇవాళే తీసి ఆ పేజీ చదవండి, ఆ నష్టానికి కవర్ లేదని తేలితే దాన్ని విడిగా తీసుకోండి.

అందుకే ముందు అత్యవసర నిధి కావాలి. దాని లెక్క ఇలా వేయండి. ఆరు నెలల ఇంటి ఖర్చుకు మూడు నెలల యూనిట్ స్థిర ఖర్చులు కలపండి: అద్దె, కరెంటు, జీతాలు, ఇప్పటికే ఉన్న వాయిదాలు. షాంపూ, కోటింగ్ లెక్కలో వద్దు, పని లేని రోజుల్లో అవి కొనరు కాబట్టి. రోజూ వసూలైన దానిలో 10 శాతం ఆ సాయంత్రమే వేరే ఖాతాలో వేయండి, నెలాఖరుకు మిగిలింది వేద్దామంటే ఏమీ మిగలదు. సిరామిక్ కోటింగ్‌కు (పెయింట్ మీద వేసే రక్షణ పూత) తీసుకున్న అడ్వాన్సును ఇందులో కలపకండి. పని పూర్తయి కారు అప్పగించే వరకూ అది కస్టమర్ డబ్బే. ఆన్‌లైన్ పేమెంట్ పెట్టినవాళ్లు ఎక్కువగా ఇక్కడే దెబ్బతింటారు, ఖాతాలో కనబడుతున్న అడ్వాన్సును లాభమనుకుని ఖర్చు పెట్టేస్తారు.

ఇక సైట్ సంగతి. మీకు ఒక్క పేజీ చాలు, రెడీమేడ్ టెంప్లేట్‌తో ఈ నెల సంపాదనలోంచే అయిపోతుంది. హ్యాచ్‌బ్యాక్, సెడాన్, ఎస్‌యూవీలకు విడివిడి ధరలు, ఒక్కో పనికి పట్టే గంటలు, పని వేళలు, చిరునామా, నొక్కగానే ఫోన్ కలిసే బటన్ పెట్టండి. పనికి ముందూ, పని తర్వాతా ఫొటోలు ఒకే కోణంలో, ఒకే వెలుతురులో తీయండి. ఫోన్‌లో తీసిన నాలుగైదు ఎంబీల ఫొటోను 200 కేబీ లోపుకు కుదించి పెట్టండి, లేకపోతే పేజీ తెరుచుకునేలోపే మనిషి వెళ్లిపోతాడు. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ (గూగుల్ సెర్చ్‌లో, మ్యాప్స్‌లో మీ షాపు వివరాలు చూపించేది) ఉచితం, దాన్ని సైట్ కంటే ముందే పూర్తి చేయండి. డొమైన్, అంటే సైట్ అడ్రస్, మీరే, మీ ఈమెయిల్‌తో కొనండి. అది డెవలపర్ ఖాతాలో ఉంటే తగువు వచ్చిన రోజు మీ సైట్ అడ్రస్ ఆయన చేతిలో ఉంటుంది. మొదటి ఏడాది ధర కాదు, రెన్యూవల్ ధర అడగండి. ఏడాదికి రెండు మూడుసార్లు వచ్చే కస్టమర్‌కు లాగిన్ ఎందుకు?

బ్యాంకు వ్యాపార రుణం కార్డు కంటే చౌకే, కానీ అది కూడా నిధి నిండాకే, అదీ మెషీన్ లాంటి వాటికి. బుకింగ్ సాఫ్ట్‌వేర్ గురించి, కాల్స్ అందుకోలేక పని చేజారుతున్న రోజున ఆలోచించండి. అప్పుడు కూడా నెలవారీ చందాకు దొరికేదే తీసుకుని, ఆ చందా లాభంలోంచి కట్టండి.