లింకన్ పుట్టిన దుంగల ఇల్లు ఇంకా ఉందా?

కెంటకీలో గుడిలాంటి రాతి భవనం లోపల పెట్టిన దుంగల గుడిసె నిజంగా అబ్రహాం లింకన్ పుట్టిన ఇల్లేనా అన్నది ప్రశ్న. కాదండీ. ఆయన 1809 ఫిబ్రవరి 12న హోడ్జెన్‌విల్ దగ్గర సింకింగ్ స్ప్రింగ్ పొలంలో పుట్టిన మాట నిజమే కానీ ఆ ఒంటిగది గుడిసె ఎప్పుడో పోయింది. అప్పట్లో కొత్తగా వచ్చి స్థిరపడేవాళ్లు దగ్గర్లో దొరికిన చెట్లు కొట్టి, దుంగల చివర్లకు గాడి చెక్కి ఒకదానిమీద ఒకటి కూర్చి, సందుల్లో మట్టి మెత్తి ఇల్లు కట్టుకునేవాళ్లు, మనుషులు వెళ్లిపోతే ఆ దుంగలు ఇంకెవరి ఇంటికో, కొట్టానికో పనికొచ్చేవి. లింకన్ కుటుంబం కూడా 1811లోనే నాబ్ క్రీక్‌కు మారిపోయింది.

మరి ఇప్పుడున్నది? 1890లలో ఆ పొలం కొన్న ఒక వ్యాపారి, పక్క స్థలంలోని పాత గుడిసె దుంగలు తెచ్చి అక్కడ నిలబెట్టించాడు. తర్వాత వాటిని విప్పి 1897లో నాష్‌విల్ ఎగ్జిబిషన్‌కు తీసుకెళ్లారు. అక్కడ దాంతోపాటు చూపించింది ఎవరి గుడిసె అనుకున్నారు, అంతర్యుద్ధంలో లింకన్ ప్రత్యర్థి జెఫర్సన్ డేవిస్‌దట! 1911లో పూర్తయిన స్మారక భవనంలో సరిగ్గా ఇమడాలని గుడిసె సైజు కూడా తగ్గించారు. చివరికి 2004లో చెక్కలోని వలయాలు లెక్కపెట్టి చూస్తే, వాటిలో అన్నిటికంటే పాత దుంగే 1848 నాటిదని తేలింది. అప్పటికి లింకన్‌కు 39 ఏళ్లు.