ముప్పై మూడేళ్లకు మళ్లీ డిగ్రీయా?

ప్రశ్న: మా అమ్మాయికి 33 ఏళ్లు. బీకాం రెండో ఏడాదిలో ఉండగా మంచి సంబంధం వచ్చిందని పెళ్లి చేశాం. ఇప్పుడు హనుమకొండలో ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌లో బిల్లింగ్ చూస్తోంది. ఏడేళ్ల బాబు ఉన్నాడు. ఓపెన్‌లో డిగ్రీ చేస్తానంటోంది. ఈ వయసులో దానికి విలువుంటుందా? డేటా సైన్స్ కోర్సు చేస్తే మంచి జీతాలని అల్లుడి స్నేహితుడు చెబుతున్నాడు. లక్షన్నర ఫీజు, ఈఎంఐ కూడా ఉందట. అంబేడ్కర్ వర్సిటీ, ఇగ్నో (ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం), ఈ కోర్సు.. మూడింటిలో ఏది మేలు?
- ఒక తండ్రి, వరంగల్

జవాబు: అయ్యా, ఉత్తరం రెండుసార్లు చదివాను. అల్లుడి స్నేహితుడు ఏమన్నాడో రాశారు. అమ్మాయి ఎందుకు చదువుతానంటోందో మాత్రం ఒక్క ముక్క రాయలేదు. అడిగారా? సెంటర్‌లో ఇన్‌ఛార్జ్ పోస్టుకు డిగ్రీ అడిగారేమో. గ్రూప్స్ రాయాలని ఉందేమో. ఆగిపోయిన చదువు లోపల గుచ్చుతోందేమో. ఏదైనా సరే, తను చెబితేనే నా సలహా పనికొస్తుంది. నిష్ఠూరంగా అనిపించినా ఒక మాట చెప్పాలి. ఆ చదువు ఆపింది మీరు. ఇప్పుడు తనంతట తను మొదలుపెడతానంటే ‘ఈ వయసులోనా’ అని మీరే అంటే ఎలాగండీ?

ఇక విలువ సంగతి. విశ్వవిద్యాలయాలను పర్యవేక్షించే కేంద్ర సంస్థ యూజీసీ గుర్తింపుతో దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో చేసిన డిగ్రీ కాలేజీకి వెళ్లి చేసిన డిగ్రీతో సమానమేనని యూజీసీ 2022లో స్పష్టంగా ప్రకటించింది. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982 నుంచి నడుస్తోంది, దేశంలో మొదటి ఓపెన్ యూనివర్సిటీ అదే. రెగ్యులర్‌గా డిగ్రీ చేసినవాళ్లు కూడా గ్రూప్స్ ప్రిపరేషన్‌కు దాని తెలుగు పుస్తకాలు వెతుక్కుని చదువుతారు. అలాంటి చదువును తక్కువగా చూడకండి.

డేటా సైన్స్ మీద నాకు కోపం లేదు. లెక్కలు, కోడింగ్ ఇష్టంగా నేర్చుకునేవాళ్లకు మంచి దారే. నా భయం ఆ కోర్సును అమ్మే పద్ధతి గురించి. ‘ఈ రోజే సీటు బుక్ చేసుకోండి’ అని ఫోన్ చేస్తారు. సంతకం పెట్టించేది చాలాసార్లు లోన్ కాగితం మీద. మూడో నెలలో పిల్లాడికి జ్వరమొచ్చి క్లాసులు ఆగితే కిస్తీ ఆగదు. పైగా అది సర్టిఫికెట్, డిగ్రీ కాదు. చాలా కంపెనీల దరఖాస్తులో మొదటి గడి డిగ్రీ గురించే ఉంటుంది. అది ఖాళీగా ఉండగా ఇది ఎందుకు? డిగ్రీ అయ్యాక కూడా ఆసక్తి ఉంటే, ముందు ఉచిత పాఠాలతో రెండు నెలలు రుచి చూడమనండి.

ఇంకో హెచ్చరిక. ‘వన్ సిట్టింగ్‌లో డిగ్రీ’, అంటే మూడేళ్ల డిగ్రీ ఒక్కసారే ఇప్పించేస్తాం అనే కన్సల్టెన్సీల గడప తొక్కొద్దు. వెరిఫికేషన్‌లో దొరికితే ఉన్న ఉద్యోగం కూడా పోతుంది.

రెండు యూనివర్సిటీల్లో ఏదంటారా? తెలుగులో చదువుకుంటూ, స్టడీ సెంటర్‌లో సెలవు రోజుల క్లాసులకు వెళ్లగలిగితే అంబేడ్కర్. ఇంగ్లిష్‌లో సొంతంగా చదువుకోగలిగితే ఇగ్నో. అక్కడ సాధారణంగా మార్కుల్లో 30 శాతం ఇంట్లో రాసే అసైన్‌మెంట్లకే, మూడేళ్ల డిగ్రీకి ఆరేళ్ల దాకా గడువూ ఇస్తారు. ఎక్కడైనా చేరేముందు ఆ ఏడాది, ఆ కోర్సుకు గుర్తింపు ఉందో లేదో యూజీసీ దూరవిద్యా విభాగం వెబ్‌సైట్‌లో చూసుకోండి.

ఉద్యోగంతో చదవగలదా అని లోపల బెంగ ఉంటుంది. నా దగ్గరికి వచ్చే ఒకావిడ లావు పుస్తకాన్ని యూనిట్ యూనిట్‌గా విడదీసి కుట్టించుకుంది. రోజూ ఒకటి లంచ్‌బాక్స్ పక్కన పెట్టుకుని బస్సులో చదివేది. రెండు సబ్జెక్టులు తప్పింది, మళ్లీ రాసింది, పాసైంది. మీ అమ్మాయి బిల్లులు రోజూ చూస్తోంది కాబట్టి పద్దెనిమిదేళ్లప్పుడు బట్టీ పట్టిన అకౌంట్స్ ఇప్పుడు అర్థమయ్యే వస్తాయి.

మీరు చేయాల్సింది ఒకటుంది. బీరువాలో ఇంటర్ మెమో, పాత డిగ్రీ మెమోలు, టీసీ ఉన్నాయేమో వెతికి తీయండి. పాత సబ్జెక్టులు ఏమైనా కలుస్తాయేమో అడ్మిషన్ల దగ్గర అడగమనండి. క్లాసులున్న ఆదివారాలు మనవడిని మీ ఇంట్లో ఉంచుకోండి.