పోలేపల్లి నుంచి న్యూజెర్సీకి: ముడిసరుకు గోదాము మీ చేతికొస్తే

పోలేపల్లి సెజ్‌లోనో, చౌటుప్పల్ చుట్టుపక్కల మందుల కంపెనీల్లోనో స్టోర్స్ చూసి అమెరికాకు వచ్చిన తమ్ముళ్లు, చెల్లెళ్లు అడిగే సందేహం ఒకటుంది. "అక్కడ ఆర్‌ఎం (ముడిసరుకు) స్టోర్స్ అంతా నా చేతి మీదుగానే నడిచేది. ఇక్కడ మందుల కంపెనీ వేర్‌హౌస్‌లో సూపర్‌వైజర్‌గా తీసుకున్నారు. కొత్తగా నేర్చుకోవాల్సింది ఏముంటది?"

పని మారదు. ఏ డ్రమ్ము ముందు నిలబడినా నాలుగు సంగతులు చెప్పగలగాలి: ఏ సరుకు, ఏ లాట్ (ఒకే విడతలో తయారైన సరుకు), ఇప్పుడు వాడొచ్చా లేదా, లోపల ఎంత ఉంది. డ్రమ్ము మీది లేబులు, రిజిస్టరు, కంప్యూటరు మూడూ ఒకే జవాబు చెప్పాలి. మారేదల్లా ఆ జవాబు తప్పిపోయే దారులు. మన దిక్కు చేతికి అలవాటైన పద్ధతే ఇక్కడ కొన్నిచోట్ల తప్పు చేయిస్తుంది.

ముందు తారీఖు సంగతి. 04/05/2026 అంటే మనకు మే 4, ఇక్కడివాళ్లకు ఏప్రిల్ 5. ఇండియా సరుకు మీద మన పద్ధతి, అమెరికా సరుకు మీద వీళ్ల పద్ధతి ఉంటుంది. తేదీ 12 దాటితే కంప్యూటరే తీసుకోదు కాబట్టి తప్పు దొరికిపోతుంది. నెలలో మొదటి 12 రోజుల తేదీలే చప్పుడు లేకుండా లోపలికి జారిపోతాయి. అట్లా జారిన తేదీ గడువుదైతే, గడువు ముగిసిన సరుకు పచ్చ (వాడొచ్చన్న) లేబులుతో రాకులో కూర్చుంటుంది. అందుకని డ్రమ్ము మీది తేదీని అట్లనే ఎక్కించకండి. తయారీదారు ఇచ్చిన పరీక్షా పత్రం పక్కన పెట్టుకుని, తయారైన తేదీకి గడువు కాలం కలిపితే అదే తేదీ వస్తుందో లేదో చూడండి. చేత్తో రాసేటప్పుడు నెలను అక్షరాల్లోనే రాయించండి. డ్రమ్ము మీద నెల, సంవత్సరం మాత్రమే ఉంటే ఆ నెల చివరి రోజు దాకా వాడటం మామూలే. కానీ అది మీ కంపెనీ ఎస్‌ఓపీలో (పని ఎట్లా చేయాలో చెప్పే పత్రంలో) రాసి ఉండాలి, మీ నిర్ణయం కాకూడదు.

తూకాలూ అంతే. బయటి దేశాల నుంచి వచ్చే బస్తా 25 కిలోలు, అంటే 55.1 పౌండ్లు. ఇక్కడి సప్లయర్ల బస్తాలు చాలావరకు 50 పౌండ్లవి, అంటే 22.68 కిలోలు. 40 బస్తాల ప్యాలెట్ చూడగానే మన మనసు "టన్ను" అనేస్తుంది. నిజానికి అక్కడున్నది 907 కిలోలే.

సరుకు దించే దగ్గర తొందర వద్దు. ట్రక్కు చక్రాలకు అడ్డుదిమ్మలు పెట్టందే, లేదా డాక్ లాక్ (ట్రక్కును గోదాము గట్టుకు పట్టి ఉంచే కొక్కెం) పడందే ఫోర్క్‌లిఫ్ట్ లోపలికి పోకూడదు. లోపల బండి ఉండగా ట్రక్కు కదిలితే ప్రాణాలు పోతాయి. సీలు నంబరు, బిల్ ఆఫ్ లేడింగ్ (సరుకు రవాణా కాగితం) మీది నంబరు ఒకటో కాదో చూడండి. డ్రమ్ము సొట్టపోయినా, బస్తా తడిసినా డ్రైవరు వెళ్లకముందే ఆ కాగితం మీద రాసి, ఫొటో తీసి, అతని సంతకం తీసుకోండి. ఏమీ రాయకుండా సంతకం పెడితే తర్వాత రవాణా కంపెనీతో వాదనకు బలముండదు.

ఒక్క ఇన్‌వాయిస్ కింద 20 డ్రమ్ములు వస్తే పై డ్రమ్ము చూసి అన్నీ ఒకటే అనుకోవడం అన్ని దేశాల్లోనూ ఉన్న రోగం. 12 ఒక బ్యాచ్‌వి, 8 మరో బ్యాచ్‌వి అయి ఉండొచ్చు. ప్రతి డ్రమ్మూ చదవాల్సిందే. అమెరికా మందుల తయారీ నిబంధన 21 సీఎఫ్‌ఆర్ 211.80 ప్రకారం వచ్చిన ప్రతి సరుకులో ప్రతి లాట్‌కూ వేరే గుర్తు నంబరు ఉండాలి. అదే బ్యాచ్ రెండు విడతలుగా వస్తే రెండు నంబర్లు. బస్తాలు, పెట్టెలు నేల మీద కాకుండా ఎత్తున, ఊడ్చడానికి, చూడడానికి సందు ఉండేలా పెట్టాలన్నదీ అక్కడే ఉంది.

పసుపు (పరీక్షలో ఉంది), పచ్చ (పాసైంది), ఎరుపు (తిరస్కరించారు) లేబుళ్లు మీకు తెలిసినవే. సాప్ (స్టాకు లెక్కల సాఫ్ట్‌వేర్) వాడే చోట 101 కోడుతో వచ్చిన సరుకు క్యూసీ (నాణ్యతా పరీక్ష) స్టాకులో ఆగి, పాసయ్యాక 321 కోడుతో వాడకానికి మారుతుంది. ఈ రెంటి మధ్యే ప్రొడక్షన్ నుంచి ఒత్తిడి వస్తుంది: "రిజల్ట్ సాయంత్రానికి వస్తది, డ్రమ్ము ఇప్పుడే పంపు" అని. పంపకండి. గ్లిజరిన్, ప్రొపిలీన్ గ్లైకాల్ లాంటి వాటిలో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం 0.10 శాతం మించకూడదన్న పరీక్ష ఊరికే పెట్టలేదు. 1937లో అమెరికాలోనే ఆ ద్రావకంతో చేసిన మందు తాగి వందమందికి పైగా చనిపోయారు, వాళ్లలో పిల్లలూ ఉన్నారు. ఆ మరుసటి ఏడే ఇక్కడ కొత్త మందుల చట్టం వచ్చింది.

ఇక చలి. నల్లగొండ ఎండల్లో పనిచేసిన మనం గోదాము వేడెక్కకుండా చూడడం నేర్చుకున్నాం. ఇక్కడ జనవరిలో గడ్డకట్టడం చూసుకోవాలి. గ్లేషియల్ ఎసిటిక్ యాసిడ్ 16.6 డిగ్రీల సెల్సియస్ దగ్గర గడ్డకడుతుంది, డీఎంఎస్‌ఓ అనే సాల్వెంట్ 18.5 దగ్గర, 50 శాతం కాస్టిక్ లై (కాస్టిక్ సోడా ద్రావణం) దాదాపు 12 దగ్గర. రాత్రంతా ట్రక్కులో ఉన్న డ్రమ్ము రాయిలా దిగుతుంది. గడ్డకట్టినదాన్ని కొంచెం కరిగించి పైనుంచి శాంపిల్ తీస్తే అది డ్రమ్ము మొత్తానికి ప్రతినిధి కాదు. పూర్తిగా కరిగి, కలిశాకే తీయాలి. తొందరపడి వేడి బెల్టు చుట్టొద్దు. ఎసిటిక్ యాసిడ్ ఆవిరి 40 డిగ్రీల దగ్గరే అంటుకోగలదు. వెచ్చని గదిలో నెమ్మదిగా కరగనివ్వాలి. ఆర్డరు పెట్టేటప్పుడే కొనుగోలు విభాగానికి చెప్పి డిసెంబరు నుంచి మార్చి దాకా వేడి ఉన్న ట్రక్కు అడిగించండి.

పొడులకు ఇంకో చిక్కు. చల్లగా వచ్చిన డ్రమ్మును వెచ్చని గదిలో వెంటనే తెరిస్తే ఫ్రిజ్‌లోంచి తీసిన చెంబుకు పట్టినట్టు లోపల చెమ్మ పడుతుంది. పీవీపీ (మాత్రలు అతకడానికి వాడే పొడి), సిట్రిక్ యాసిడ్ లాంటివి ఆ తేమ లాగి గడ్డలవుతాయి. మూత తీయకుండా గది వేడికి వచ్చేదాకా, పెద్ద డ్రమ్మయితే ఒక రోజు, ఆగండి. లోపలి రెండు సంచులనూ విడివిడిగా మెలితిప్పి, విడివిడిగా ట్యాగు కట్టించండి. "గది ఉష్ణోగ్రత" అని రాసి ఉంటే 20 నుంచి 25 సెల్సియస్, ఇక్కడి మీటరులో 68 నుంచి 77 ఫారన్‌హీట్.

రాకుల్లో ఒక్క మాట. అమెరికా ప్యాలెట్ 48 బై 40 అంగుళాలు, యూరప్‌ది 1200 బై 800 మిల్లీమీటర్లు. 42 అంగుళాల లోతున్న రాకులో యూరప్ ప్యాలెట్ 800 వైపు లోతుకు పడితే దూలాల మధ్యలోంచి కిందికి జారుతుంది. స్ప్రింక్లర్లకు (మంటలార్పే నీటి గొట్టాలకు) 18 అంగుళాల కింద దాకే సరుకు. ఆమ్లాలు, క్షారాలు వేరు. సయనైడ్, అజైడ్‌లకు ఆమ్లం ఆమడ దూరం. ఆక్సిడైజర్ల పక్కన సాల్వెంట్ వద్దు. ఇది మీకు అక్కడే వచ్చు.

డిస్పెన్సింగ్‌లో (సరుకు తూచి ఇచ్చే చోట) మొత్తం తూకం, ఖాళీ డబ్బా తూకం, సరుకు తూకం మూడూ రాయించండి. తీసిన ప్రతిసారీ మిగిలింది డ్రమ్ము మీదే రాయాలి. లెక్కలో తేడా వస్తే దాని ఆకారం చూడండి. ప్రతిసారీ కొద్దికొద్దిగా తగ్గుతుంటే పొడి సంచికి అంటుకోవడమో, డస్ట్ కలెక్టరులోకి పోవడమో, తేమ ఆరడమో అయి ఉంటుంది. సరిగ్గా 5.000 కిలోలు తేడా ఉంటే అది పోయిన సరుకు కాదు, తప్పు ఎంట్రీ. అదే సరుకు పక్క లాట్‌లో 5 కిలోలు ఎక్కువ ఉందేమో వెతకండి. దొరకకముందే సాప్‌లో 701, 702 (స్టాకు తేడా సర్దే కోడ్లు) కొట్టి సరిచేస్తే జాడ చెరిగిపోతుంది. లెక్కపెట్టే మనిషికి కంప్యూటర్లో ఎంత ఉందో చెప్పకండి. చెబితే అదే అంకె తిరిగొస్తుంది. రాతలో తప్పుంటే ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది, కారణం, సంతకం, ఆ రోజు తేదీ. వైట్‌నర్, వెనక తేదీ రెండూ ఉద్యోగాన్ని మింగుతాయి.

మనుషుల విషయానికొస్తే, మిర్యాలగూడ మిల్లుల్లోలాగా ఇక్కడ హమాలీ ముఠా ఉండదు. 50 కిలోల డ్రమ్మును ఒక్కరితో ఎత్తించకండి. సాయం లేకుండా ఎత్తే బరువుకు ఇక్కడి నియోష్ (పనివాళ్ల భద్రతను చూసే ప్రభుత్వ సంస్థ) లెక్క, అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు కూడా, 51 పౌండ్లతోనే మొదలవుతుంది. డ్రమ్ము లిఫ్టర్ అడిగి తెప్పించండి. ఫోర్క్‌లిఫ్ట్ మీకెంత బాగా వచ్చినా ఈ కంపెనీ శిక్షణ చూసి, నడిపించి చూసి ఒప్పుకున్నాకే ఎక్కాలి. మూడేళ్లకోసారి మళ్లీ పరీక్షిస్తారు. పెద్ద మేనేజరునైనా పేరుపెట్టే పిలుస్తారు, అది అమర్యాద కాదు. మీకు అర్థం కాకపోయినా తలూపి "ఓకే" అనడమే ప్రమాదం. ఇక్కడ ఓకే అంటే ఆ పని చేస్తానని మాటిచ్చినట్టే. "చెయ్యలేను, లేబులు పసుపుంది" అని నేరుగా అనండి, వెంటనే ఒక ఈమెయిల్ పెట్టండి.

మొదటి వారంలోనే ఎరుపు లేబులు గదికి తాళం ఎవరి దగ్గరుందో కనుక్కుని, క్యూఏ (నాణ్యతా విభాగం) మనిషిని వెంటబెట్టుకుని అక్కడున్న ప్రతి డబ్బా లెక్కపెట్టండి. కంప్యూటర్లో లేని డబ్బా కనిపిస్తే ముట్టుకోకుండా ఆ రోజే డీవియేషన్ (పద్ధతి తప్పిందన్న నివేదిక) రాయించండి.